కొసరు చుట్టు

కాఫీ పండును కోసిన రోజే తొక్క తీయాలి. గోనెలో నిల్వ ఉంటే మరునాటికి పులుస్తుంది, గింజ రంగు మారుతుంది, ఏడాది కష్టం చెత్తకింద పోతుంది. అనంతగిరి పైన మా షెడ్డుకు ఏడు ఊళ్ళ గిరిజన రైతులు పండ్లు మోసుకొచ్చేవారు. ఉదయమంతా కోసి, ఎండ వాలేలోగా రెండు కొండలు దాటి వచ్చేవాళ్ళు కూడా ఉండేవారు. ఎనభైల చివరి రోజులవి. నేను ఆ షెడ్డులో యంత్రాల సూపర్వైజరుని. యంత్రాలంటే ఒక ఆయిలింజను, ఒక నీళ్ళ పంపు, ఒక తొక్క మిషను. అంతే.

తొక్క మిషనులో బొడిపెలున్న రాగి రేకు చుట్టిన డ్రమ్ము తిరుగుతూ ఉంటుంది. దానికి ఎదురుగా ఒక ఇనుప పలక. పండు రెంటి మధ్య పడి నలిగి, తొక్క ఒకవైపు, గింజ ఒకవైపు పోతాయి. పలక వెనక రెండు స్ప్రింగులుంటాయి. అవి గట్టిగా నొక్కితే గింజ చితుకుతుంది, మెత్తగా నొక్కితే పండు తొక్కతోనే బయటకు వచ్చేస్తుంది. మొత్తం మిషను విలువ ఆ రెండు స్ప్రింగుల నొక్కుడులో ఉంది.

ఆ ఏడు పంట మొదట్లోనే ఒక స్ప్రింగు విరిగింది, రెండోది చచ్చుబడింది. మిషను చేసిన కంపెనీ ఏనాడో మూతపడింది. విశాఖలో దొరికినవి తెచ్చి పెడితే గింజలు పిండిపిండి అయ్యాయి. విరిగినదాని స్థానంలో చెక్క దుంగ దిగ్గొట్టి, సగం వేగంతో నడుపుతున్నాం. మిగిలిన పండ్లను ఆడవాళ్ళు రోళ్ళలో వేసి దంచుకుంటున్నారు.

మేనేజరు జీపులో వచ్చి చూశాడు. "రెండు సంతలు టైమిస్తానండీ. అప్పటికి మిషను సరిగ్గా ఆడకపోతే ఈ ఏటికి షెడ్డు మూసేద్దాం. పండ్లన్నీ కింద షెడ్డుకు పట్టుకెళ్ళమని చెప్పేద్దాం," అన్నాడు.

కింద షెడ్డు అంటే ఘాటు రోడ్డు దిగాలి. పండ్ల గోనె నెత్తిన పెట్టుకుని ఘాటు దిగి, అదే రోజు తొక్క తీయించుకోవడం ఆ ఏడు ఊళ్ళలో సగం మందికి కుదిరే పని కాదు. వాళ్ళు అక్కడే ఉన్నారు, విన్నారు. ఎప్పుడూ అందరికంటే ముందు గోనె దించే ముసలమ్మ ఒకతె మిషను వైపు చెయ్యి చూపించి, "ఈ మిసను కన్నా మా రోలే నయిం బాబూ. దానికి సుప్రింగులూ వొద్దు, సూపరవైజరూ వొద్దు," అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

"రెండో సంత నాటికి మిషను ఆడుతుంది. నేను చెబుతున్నాను," అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సిందేమో. కానీ మా ఇంట అలా పెంచారు. మాది మైదానంలో ఒకప్పుడు పెద్ద ఇల్లు. నా వంతుకు వచ్చేసరికి భూమి లేదు, పాలిటెక్నిక్ డిప్లొమా ఉంది. ఇంటి నుంచి నాకు దక్కినవి అలవాట్లే. ఎవరైనా కూర్చోమంటే తప్ప కూర్చోకపోవడం, అన్న మాట వెనక్కి తీసుకోకపోవడం, ఒకరు ఇచ్చినదాన్ని వాళ్ళ ఎదుట లెక్కపెట్టకపోవడం. మూడోది మరీ ముఖ్యం. లెక్కపెట్టడమంటే ఇచ్చినవాడిని దొంగ అన్నట్టని మా తండ్రిగారు అనేవారు.

ముందు ఎంత నొక్కుడు కావాలో తెలియాలి. స్ప్రింగులు తీసేసి, పలక వెనక గునపాన్ని మీటలా పెట్టి, దాని కొసకు తూకపు రాళ్ళు వేలాడదీశాను. ఒక్కో రాయి పెంచుతూ, ఒక్కో గంపెడు పండ్లు పోస్తూ రెండు రోజులు నిలబడ్డాను. పండ్లు పోసే ముసలమ్మ, "బాబు మిసన్ని తూకం ఏత్తన్నాడర్రా, అమ్మేత్తాడేటో," అని పక్కవాళ్ళతో అంటూనే ఉంది. చివరికి తేలింది. ఒక్కో స్ప్రింగు ముప్పై కేజీల బరువుతో నొక్కితే తొక్క పోతుంది, గింజ మిగులుతుంది.

ఇక స్ప్రింగు లెక్క. స్టోర్లో మూడు మందాల స్ప్రింగు కమ్మీ ఉంది. స్ప్రింగు కూర్చునే గుంత వెడల్పు, లోతు మారవు. కమ్మీ ఎంత మందం, ఎన్ని చుట్లు, ఎంత పొడవు ఉంటే ముప్పై కేజీలు వస్తాయి, విరగకుండా ఎన్నాళ్ళుంటాయి? సూత్రం నాకు నోటికి వచ్చు. కానీ అందులో కమ్మీ మందాన్ని దానితో అదే నాలుగుసార్లు, చుట్టు వెడల్పును మూడుసార్లు గుణించాలి. ఒకటి మారిస్తే అన్నీ మళ్ళీ మొదటినుంచి వేసుకోవాలి. లాగరిథమ్ పట్టికల పుస్తకంతో ఒక సాయంత్రం కూర్చుంటే రెండు రకాలు తేలేవి. నాకు చూడాల్సినవి పాతిక ఉన్నాయి.

అరకులోని మా సంస్థ ఆఫీసుకు వేరే కాగితం పని మీద వెళ్ళాను. అప్పటికి ఆర్నెల్ల క్రితమే అక్కడికి ఒక కంప్యూటరు వచ్చింది. దానికోసం ఒక గది, గదికి తెరలు, గుమ్మం బయట చెప్పులు విడవాలని బోర్డు. దాన్ని నడిపే అమ్మాయి విజయనగరం దగ్గర రైతుల బిడ్డ. ఆమె సిబ్బంది హాజరు పట్టీ వేస్తోంది. నల్లటి తెర మీద ఆకుపచ్చ అంకెలు గళ్ళు గళ్ళుగా ఉన్నాయి. ఒక గడిలో అంకె మార్చగానే కింద మొత్తం దానంతట అదే మారింది.

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. "ఆ గడిలో మొత్తమే వేయాలా? గుణకారం, భాగహారం వేయవచ్చా?"

"ఏటైనా ఎయ్యొచ్చు సార్. స్ప్రెడ్‌షీటంటారు దీన్ని. ఏ గడిలోది దేంతో గుణించాలో సెప్తే సాలు, అదే సేసుకుంటాది."

"కమ్మీ మందం ఒక గడిలో మారిస్తే, స్ప్రింగు నొక్కే బరువు ఇంకో గడిలో మారుతుందా?"

ఆమె తిరిగి నా వైపు చూసింది. "లెక్క మీరు సెప్పండి, గడి నాను సెప్తాను. ముందు సెప్పులిప్పి లోపలికి రండి."

లోపల ఒకటే ఖాళీ కుర్చీ, ఆమె పక్కన. నేను నిలబడే చెప్పడం మొదలుపెట్టాను. అరగంట అయ్యాక ఆమె చేతులు మీటల మీంచి తీసేసింది. "సార్, మీరలాగ పోలీసులాగ ఎనకాల నిలబడితే నా మెడ నొప్పెట్టేత్తంది. కూకుంటారా, నన్ను నిలబడమంటారా?"

కూర్చున్నాను. నా వయసులో సగం లేని అమ్మాయి పక్కన విద్యార్థిలా కూర్చుని, బాణం గుర్తున్న మీట నొక్కడం నేర్చుకున్నాను.

మొదటి రోజు అంతా గళ్ళలో పెట్టాక కరెంటు పోయింది. తిరిగి వచ్చేసరికి తెర ఖాళీగా ఉంది. "దాచలేదండి. రెండు గడులకోసారి దాచుకోవాలి, నానే మర్సిపోనాను," అంది, మొహం చిన్నబుచ్చుకుని. "మళ్ళీ మొదటి గడి," అన్నాను. మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకు వెళ్ళి మళ్ళీ మొదటి గడి నుంచి చెప్పాను. ఈసారి ఆమె ప్రతి వరసకూ ఫ్లాపీలో దాచింది.

ఆ మధ్యాహ్నం నేను చూసినదాన్ని ఇప్పటికీ మరిచిపోలేను. కమ్మీ మందం గడిలో నాలుగు మిల్లీమీటర్లు వేస్తే బరువు గడిలో పన్నెండు కేజీలు. ఆరు వేస్తే అరవై దాటింది. అయిదు వేసి, చుట్లు అయిదు పెడితే ఇరవై నాలుగు. చుట్లు నాలుగు చేస్తే ముప్పై. పన్నెండు సాయంత్రాల పని, టీ చల్లారేలోగా అయిపోయింది. నా లాగరిథమ్ పుస్తకం సంచిలోనే ఉండిపోయింది. దాన్ని బయటకు తీయడానికి కొంచెం సిగ్గనిపించింది కూడా.

స్ప్రింగుకు రెండు కొసలా ఒక్కో చుట్టు చదునుగా ఆనుకుని కూర్చుంటుంది. ఆ రెండూ పని చేయవు, మధ్యలోవే నొక్కుతాయి. కాబట్టి నాకు కావలసినవి పనిచేసే నాలుగు, కొసలవి రెండు, మొత్తం ఆరు చుట్లు.

చుట్టేవాడు మా షెడ్డుకు మైలు దూరంలో ఉన్నాడు. ఏడు ఊళ్ళకూ కొడవళ్ళు, గొడ్డళ్ళు చేసే ముసలి కమ్మరి. లారీల కమాను పట్టీలు కొని తెచ్చి కత్తులు చేసేవాడు. కాబట్టి స్ప్రింగు ఉక్కు గుణం అతనికి తెలుసు. ఎర్రగా కాల్చి చుట్టడం, ఇప్పనూనెలో ముంచడం, మళ్ళీ ఏ రంగు వచ్చేదాకా కాచాలో చూడటం, ఇవన్నీ నాకంటే అతనికే బాగా తెలుసు. నేను కమ్మీ ఇచ్చాను, చుట్టడానికి కడ్డీ ఇచ్చాను, పొడవుకు కొలకర్ర ఇచ్చాను.

"రెండు స్ప్రింగులు. ఒక్కొక్కటి ఆరు చుట్లు. పొడవు సరిగ్గా ఈ కర్ర అంత."

"కూకో బాబూ."

"పనుంది. ఎల్లుండి వస్తాను."

అతను కొలకర్రను కళ్ళదాకా ఎత్తి చూసి పక్కన పెట్టుకున్నాడు. "ఊళ్ళ పని గదా. బాగా సేసిత్తాను."

చేశాడు. నీలం రంగు తేలి, చూడముచ్చటగా ఉన్నాయి. గుడ్డలో చుట్టి రెండు చేతులతో ఇచ్చాడు. నేనూ రెండు చేతులతో తీసుకున్నాను. కర్రతో పొడవు మాత్రం షెడ్డులో చూసుకున్నాను, వెంట్రుకవాసి తేడా లేదు. బిగించాను, ఇంజను వేయించాను.

పండ్లు పోశాం. గింజ చితకలేదు. కానీ పండ్లలో మూడో వంతు తొక్కతోనే బయటకు వచ్చాయి. పలక వెనక రేకు ముక్కలు పెట్టి సరిచేద్దామంటే గుంతలో అంత చోటు లేదు. ముసలమ్మ తొట్టిలో చెయ్యి పెట్టి గుప్పెడు పండ్లు తీసి నా ముందు పట్టింది. ఈసారి హాస్యమాడలేదు. "బాబూ, వొచ్చే సంతకి మరి మామెక్కడికెల్లాల?" అంది.

రెండో సంతకు నాలుగు రోజులుంది.

స్ప్రింగులు ఊడదీసి సంచిలో వేసుకుని అరకు వెళ్ళాను. ఆ అమ్మాయితో, "లెక్క తప్పింది. ఎక్కడో నేను తప్పు చెప్పాను," అన్నాను. ఆ మాట పైకి అనడానికి బస్సులో దారిపొడుగునా కూడదీసుకున్నాను. ఆమె ఫ్లాపీ పెట్టి ఒక్కో గడీ తెరిచి చదివింది. నేను కాగితం మీద పట్టికల పుస్తకంతో విడిగా వేశాను. రెండూ ఒకటే వచ్చాయి. ముప్పై.

"లెక్క సరిగ్గానే ఉంది సార్. సుట్లు లెక్కెట్టారా?"

"ఆరు చెప్పాను."

"సెప్పారు. లెక్కెట్టారా?"

సంచిలోంచి స్ప్రింగు తీసి బల్ల మీద పెట్టాను. ఆమె పెన్సిలు మొనతో ఒక్కో చుట్టూ తాకుతూ లెక్కపెట్టింది. ఏడు. రెండోది తీసింది. ఏడు. బాణం మీట నొక్కుతూ వెళ్ళి, పనిచేసే చుట్లు నాలుగు ఉన్నచోట అయిదు వేసింది. బరువు గడి ముప్పై నుంచి ఇరవై నాలుగుకు పడిపోయింది. అయిదో వంతు పోయింది. షెడ్డులో పండ్లు తొక్కతోనే బయటకు రావడానికి కారణం అదే.

"ముసలాడికి లెక్క రాదేటో పాపం," అంది.

"వచ్చు," అన్నాను. అప్పటికే నాకు అర్థమయింది. సంతలో చింతపండు కొలిచినా, చిక్కుళ్ళు కొలిచినా, కొలత అయ్యాక ఇంకో గుప్పెడు వేయకుండా ఆ కొండల్లో ఎవరూ చెయ్యి దులుపుకోరు. ఊళ్ళ పని గదా అన్నాడు. బాగా చేసిస్తానన్నాడు. పొడవు కర్రకు సరిపోయేలా చూసుకుని, ఆ పొడవులోనే ఒక్కో స్ప్రింగుకు ఒక్కో చుట్టు కొసరు వేశాడు. కొసరు వేయకుండా ఇవ్వడం అతనికి తెలియదు. ఇచ్చినదాన్ని లెక్కపెట్టడం నాకు తెలియదు. మా ఇద్దరి మర్యాదల మధ్యా మిషను చెడింది.

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. తర్వాత చురుగ్గా కొత్త వరస ఒకటి తెరిచింది. "దీనికేటి సార్, బేగి సేసేద్దాం. కొసరు, ఒకటి. మొత్తంలోంచి ఇది తీసేసి సెప్పమందాం. మీరు అయిదు సుట్లు అడగండి, ఆయనెలాగూ ఆరిత్తాడు. ఆయనకీ తెలీదు, మీకూ సరిపోద్ది."

తెర మీద నిజంగానే సరిపోయింది. అడగవలసినవి అయిదు, వచ్చేవి ఆరు, బరువు ముప్పై.

నేను ఆ వరసనే చూస్తూ కూర్చున్నాను. నాకు ఆరేడేళ్ళప్పుడు మా కళ్ళంలో చూసినది గుర్తొచ్చింది. రైతులు మాకు కౌలు ధాన్యం కొలిచాక కుంచం మీద ఒక దోసెడు వేసేవారట, మా ముత్తాతగారి రోజుల్లో, వాళ్ళంతట వాళ్ళే. మా తాతగారి నాటికి ఆ దోసెడుకు విడిగా ఒక కుంచం వచ్చింది. నా కళ్ళ ముందు ఒక మనిషి, ఆ కుంచం నిండలేదని గుమాస్తా అరిస్తే, తుండుగుడ్డలో పిల్లలకని మూటకట్టుకున్న గింజలు విప్పి అందులో పోశాడు. మా తాతగారు అటు చూడనైనా చూడలేదు. లెక్కపెట్టకపోవడం మా మర్యాద కదా. ఆ ఇల్లు ఎలా పడిపోయిందో మా ఊళ్ళో పది రకాలుగా చెబుతారు. నాకు మాత్రం ఆ కుంచమే కనిపిస్తుంది.

"ఆ వరస తీసెయ్యమ్మా," అన్నాను.

"ఏం సార్, లెక్క సరిపోనాది గదా?"

"కొసరు లెక్కలోకి తీసుకుంటే అది కొసరు కాదు. నేనే వెళ్ళి చెబుతాను."

ఆమెకు నచ్చలేదు. అయినా తీసేసింది.

బస్సు దిగి నేరుగా కమ్మరి దగ్గరికి నడిచాను. స్ప్రింగులు వెనక్కి తెచ్చానని చూడగానే అతని చేతిలో సుత్తి ఆగింది. ఈసారి అతను కూర్చోమనలేదు. నేనే కొలిమి పక్కన నేల మీద కూర్చున్నాను. మసి బట్టలకు అంటింది, అంటనీ అనుకున్నాను.

"పెద్దాయనా, నీ పనిలో తప్పు లేదు. నేను సగమే చెప్పాను," అని మొదలుపెట్టాను. చుట్టు పెరిగితే స్ప్రింగు మెత్తబడుతుందని చెప్పాను. నమ్మకం కలగాలని, ఒకే కమ్మీ ముక్కను పొడుగ్గా పట్టుకుని వంచమన్నాను, పొట్టిగా పట్టుకుని వంచమన్నాను. పొడుగ్గా ఉన్నది తేలిగ్గా వంగింది. "చుట్టు అంటే కమ్మీ పొడవే. నువ్వు ఒక చుట్టు ఎక్కువ ఇచ్చావు, పొడవు పెరిగింది, బలం తగ్గింది."

అతను కమ్మీ ముక్కను మళ్ళీ ఒకసారి వంచి చూశాడు.

"నాను బలానికని ఎక్కవ ఏసినాను బాబూ," అన్నాడు. "ఆరడిగితే ఆరే ఇత్తే ఏం మరేద? ఏడూళ్ళోలు తినే పని."

"తెలుసు. అందుకే వచ్చాను. నాకు ఆరే కావాలి."

"కొసరు నేకుండానా?"

"లేకుండానే."

"నా సేతిమీదుగా అలగెప్పుడూ ఎల్లనేదు. మా అయ్య సేతిమీదుగానూ ఎల్లనేదు." గొంతులో కోపం లేదు, నా వైపు చూడటం లేదు అంతే. నాకు ఆ మొహం బాగా తెలుసు. మా ఇంట్లో అందరిదీ అదే మొహం.

నేను లేవలేదు. ఒప్పించేదాకా లేవకూడదనుకున్నాను. అతను నిప్పు ఎగదోశాడు, ఒక కొడవలి కొట్టడం పూర్తిచేశాడు, దాన్ని నీళ్ళలో ముంచాడు. నేను కూర్చునే ఉన్నాను. కొడవలి పక్కన పెట్టి, మొదట నేనిచ్చిన కమ్మీలో మిగిలిన చుట్ట వైపు చూసి, వేళ్ళతో కొలిచి ఏదో అంచనా వేసుకున్నాడు.

"అయితే కొసరు బయటెడతాను," అన్నాడు.

"అంటే?"

"ఆటిలో ఆరు, ఈటిలో ఆరు. సుట్టు ఎక్కవుండదు. మిగిలిన కమ్మీతో ఇంకో సుప్రింగు సేసిత్తాను. అదీ ఆరే. అది నీ మిసనుకి గాదు, నా కొసరు. అప్పుడు తప్పా?"

"తప్పు కాదు," అన్నాను.

రెండు రోజులకు మూడు స్ప్రింగులు తయారయ్యాయి. అతను మొదటిదాన్ని నా చేతిలో పెట్టి, "లెక్కెట్టు బాబూ, నా ఎదరే లెక్కెట్టు," అన్నాడు. లెక్కపెట్టాను, పైకి వినబడేలా. నాతో పాటు అతనూ లెక్కపెట్టాడు. ఆరు. రెండోదీ ఆరు. మూడోదాన్ని ఇచ్చినప్పుడు మాత్రం నేను లెక్కపెట్టకుండా గుడ్డలో చుట్టుకున్నాను. అతను అది గమనించాడు. మళ్ళీ కొలిమి వైపు తిరిగాడు.

సంత నాటి మధ్యాహ్నం మేనేజరు వచ్చేసరికి ఇంజను నడుస్తోంది. నేను మిషను పక్కన నిలబడి ఉన్నాను. మొదటి గంపెడు ముసలమ్మదే. తొక్క ఎర్రగా ఒకవైపు కుప్ప పడింది, జిగురు గింజలు ఇంకోవైపు నీళ్ళ కాలువలోకి జారాయి. ఆమె కాలువలోంచి గుప్పెడు తీసి వేళ్ళతో రుద్ది చూసింది, ఒక గింజ కొరికి చూసింది. మేనేజరు కూడా ఆమె ఏమంటుందా అని ఆగాడు.

"ఏటి సూత్తారు? బేగి పొయ్యండర్రా, పొద్దు వాలిపోతంది," అని వెనకవాళ్ళ మీద అరిచింది.

మేనేజరు ఇంకో అరగంట చూసి జీపెక్కాడు. షెడ్డు మూసే మాట మళ్ళీ ఎత్తలేదు.

అరకు అమ్మాయి ఆ లెక్కల కాగితం అచ్చుతీసి పంపింది. దాన్ని స్టోర్ల ఫైలులో పెట్టాను. కొసరు వరస అందులో లేదు. మూడో స్ప్రింగును స్పేరు కింద రిజిస్టరులో రాయమని స్టోరుకీపరు రెండు మూడుసార్లు అడిగాడు. రాయలేదు. నా బల్ల సొరుగులో ఇప్పనూనె రాసిన గుడ్డలో ఉంచాను. రెండు పంటలు గడిచాక, ఒక మధ్యాహ్నం పండ్ల గోనెల వరస గుమ్మందాకా ఉండగా, స్ప్రింగుల్లో ఒకటి ఠప్పున విరిగింది. ముసలమ్మ నా వైపు చూసింది. నేను సొరుగు తెరిచాను.